వైఫై డాంగిల్ ఎంత కరెంటు తాగుతోందో చూడాలంటే

రాస్ప్‌బెర్రీ పై లాంటి చిన్న కంప్యూటర్ బోర్డుకు యూఎస్‌బీ వైఫై డాంగిల్ (వైఫై అందించే చిన్న పరికరం) పెట్టేవాళ్లు దాని వాడకాన్ని ఒకసారి కొలిచి చూసుకోండి. లినక్స్‌లో 'lsusb -v' అనే కమాండ్ కొడితే మ్యాక్స్‌పవర్ 500 మిల్లీ ఆంపియర్లు అని కనిపించవచ్చు. దాన్ని చూసి టెన్షన్ పడక్కర్లేదు. అది డాంగిల్ తనకు కావాలని పోర్టుకు చెప్పుకునే గరిష్ఠ పరిమితి మాత్రమే, అసలు వాడకం కాదు.

అసలు లెక్క కావాలంటే పోర్టుకూ డాంగిల్‌కూ మధ్య వోల్టేజీ, కరెంటు చూపించే యూఎస్‌బీ మీటర్ పెట్టాలి. డేటా కూడా దాటనిచ్చే మీటరే తీసుకోండి, లేకపోతే డాంగిల్ పనిచేయదు. వోల్టేజీని ఆంపియర్లతో గుణిస్తే వాట్లు వస్తాయి.

చిక్కంతా ఇక్కడే ఉంది. వైర్‌లెస్ పరికరం కరెంటును నిలకడగా తీసుకోదు. డేటా పంపేటప్పుడు ఒక్కసారిగా లాగుతుంది, ఖాళీగా ఉంటే తగ్గిపోతుంది. స్క్రీన్ మీద అంకెలు ఊగుతుంటే దేన్ని నమ్మాలి? అందుకే మీటర్‌లోని మిల్లీ ఆంపియర్ అవర్ (ఎంఏహెచ్, అంటే వెళ్లిన కరెంటును సమయంతో పాటు కూడుతూ పోయే) లెక్కను సున్నా చేసి, సరిగ్గా గంట వదిలేయండి. అప్పుడు కనిపించే అంకే మిల్లీ ఆంపియర్లలో సగటు కరెంటు. ఒకసారి ఖాళీగా, ఇంకోసారి పెద్ద ఫైల్ కాపీ అవుతుండగా చూడండి. తేడా బాగా తెలుస్తుంది.

సగటు 200 మిల్లీ ఆంపియర్లు వచ్చిందనుకుందాం. 5 వోల్టుల దగ్గర అది 1 వాట్. నెలంతా ఆన్‌లో ఉన్నా ముప్పావు యూనిట్ కూడా కాదు. బిల్లుకు లెక్కలోకి రాదు గానీ, పవర్ బ్యాంక్ మీద నడిపేవాళ్లకు మాత్రం ఇది పెద్ద విషయమే.