అబ్బాయిల మార్కులు, అమ్మాయిల మార్కులు: గణాంక ప్రాజెక్టులో సరిగ్గా పోల్చడం ఎలా?

రెండు సగటులు కట్టి, ఎక్కువ వచ్చినవాళ్లు ముందున్నారని రాసేస్తే ప్రాజెక్టు పది నిమిషాల్లో అయిపోతుంది. కానీ అందులో గణాంకశాస్త్రం లేదు. ఏ రెండు గుంపులను తీసుకున్నా సగటులు అచ్చంగా సమానం కావడం అరుదు. తరగతిని మధ్యకు చీల్చి కుడివైపు బెంచీలనూ ఎడమవైపు బెంచీలనూ పోల్చినా ఎంతో కొంత తేడా వస్తుంది. కాబట్టి మనం తేల్చాల్సింది ఒక్కటే: కనిపించిన తేడా, మార్కుల్లో మామూలుగా ఉండే చెదురుతనాన్ని మించిందా, లేదా?

1. ప్రశ్నను బిగించి రాయండి

"ఎవరు తెలివైనవాళ్లు?" అనేది ఈ ప్రాజెక్టు జవాబు చెప్పగల ప్రశ్న కాదు. "మా పాఠశాల తొమ్మిదో తరగతిలో, ఈ గణితం పరీక్షలో, 50కి అబ్బాయిలకూ అమ్మాయిలకూ వచ్చిన మార్కుల్లో తేడా ఉందా?" అని రాయండి. ఏ తరగతి, ఏ సబ్జెక్టు, ఏ పరీక్ష, ఎన్ని మార్కులకు అనే నాలుగూ ఉండాలి. మీ ఊహను కూడా మార్కులు చూడకముందే రాసి తేదీ వేయండి. చూశాక రాసుకున్న ఊహ అంకెలకు తగ్గట్టు వంగిపోతుంది.

2. మార్కులు సేకరించండి

ముందు ఉపాధ్యాయుల అనుమతి తీసుకోండి. పేర్లు రాసుకోవద్దు. బా1, బా2 (బాలురు), అ1, అ2 (అమ్మాయిలు) లాంటి గుర్తులు చాలు.

తరగతి మొత్తం దొరికితే అందరినీ తీసుకోండి. పెద్ద పాఠశాల అయితే అబ్బాయిల జాబితా, అమ్మాయిల జాబితా వేరుగా రాసి, వరుస సంఖ్యలిచ్చి, చీటీలు తీసి లేదా కాలిక్యులేటర్‌లో యాదృచ్ఛిక సంఖ్యలతో ఎంచుకోండి. ఒక్కో జాబితా నుంచి కనీసం 30 మందిని తీసుకుంటే మంచిది. స్నేహితులను అడిగి తెచ్చిన మార్కులు పనికిరావు. ఒకేలా చదివేవాళ్లు ఒకచోట చేరతారు. పైగా తక్కువ వచ్చినవాళ్లు చెప్పడానికి వెనకాడతారు.

పరీక్ష మరీ సులువై సగం మందికి 50కి 50 వస్తే ఆ పరీక్షను వదిలేయండి. అందరూ పైకప్పుకు తగిలినచోట తేడా ఉన్నా కనిపించదు.

3. అంకెలను శుభ్రం చేయండి

ఎక్కువ ప్రాజెక్టులు చెడేది ఇక్కడే. రిజిస్టరులో గైర్హాజరు అని ఉన్నవాళ్లకు సున్నా వేయకూడదు. వాళ్లను తీసేసి, ఎంతమందిని తీశారో నివేదికలో చెప్పాలి. నిజంగా సున్నా వచ్చినవాళ్లను మాత్రం ఉంచాలి. 81 లాంటి అంకె కనిపిస్తే అది 18 తిరగబడింది కావచ్చు, అసలు జాబితాతో సరిచూడండి. 43 బదులు 34 పడితే మాత్రం కంటికి అందదు. అందుకే ఒకరు చదువుతుంటే ఇంకొకరు టిక్కు పెట్టుకోవాలి.

4. లెక్కకు ముందు బొమ్మ

సాధన కోసం అల్లిన అంకెలు ఇవి. గుంపుకు 11 మంది, 50 మార్కులు. నడుమ ఉన్నది పదుల స్థానం, ఎడమవైపు అబ్బాయిలు, కుడివైపు అమ్మాయిలు:

8 | 1 |
9 7 5 2 | 2 | 3 5 9
8 5 3 1 | 3 | 1 3 5 6 8 9
3 0 | 4 | 1 4

రెండో వరుసలో ఎడమవైపు ఉన్నవి 22, 25, 27, 29. ఈ కాండం-పత్రం పటంలో ఒక్క మార్కూ పోదు, ఆకారం కూడా కనిపిస్తుంది. దీని కిందే రెండు బాక్స్ ప్లాట్లను (అతి తక్కువ, అతి ఎక్కువ మార్కులనూ, నడిమి సగం మంది ఎక్కడున్నారో కూడా చూపే పెట్టె బొమ్మలను) ఒకే స్కేలు మీద గీయండి. వేర్వేరు స్కేళ్లు వాడితే చిన్న తేడా పెద్దగా కనబడుతుంది.

5. కొలతలు కట్టండి

మార్కులను వరుసలో పెడితే నడుమ వచ్చేది మధ్యగతం. దాని కింది సగానికీ పై సగానికీ నడుమ వచ్చేవి చతుర్థాంశాలు. మార్కులు సగటు నుంచి ఎంత చెదిరాయో చెప్పేది క్రమవిచలనం.

అబ్బాయిలు: సగటు 31, మధ్యగతం 31, చతుర్థాంశాలు 25, 38, క్రమవిచలనం 7.75.
అమ్మాయిలు: సగటు 34, మధ్యగతం 35, చతుర్థాంశాలు 29, 39, క్రమవిచలనం 6.57.

క్రమవిచలనానికి విచలనాల (సగటు నుంచి ఒక్కో మార్కు దూరాల) వర్గాల మొత్తాన్ని 11తో కాక 10తో భాగించి వర్గమూలం తీశాం. ఇది నమూనా కాబట్టి సంఖ్యలో ఒకటి తగ్గించాలి. కాలిక్యులేటర్‌లో రెండు రకాల బటన్లు ఉంటాయి, ఏది నొక్కారో చూసుకోండి.

గైర్హాజరైన పన్నెండో అబ్బాయికి సున్నా వేశారనుకోండి. అబ్బాయిల సగటు 28.4కు పడిపోతుంది, 3 మార్కుల తేడా 5.6 అయిపోతుంది. మధ్యగతం మాత్రం 31 నుంచి 30కే దిగుతుంది. సగటు, మధ్యగతం రెండూ రాయమనేది అందుకే. అవి దూరంగా ఉంటే ఏదో ఒక అంకె లాగుతోందని అర్థం.

6. తేడా కాకతాళీయమా?

పేకముక్కల్లా 22 కార్డులు చేసి ఒక్కో దాని మీద ఒక మార్కు రాయండి. అబ్బాయి, అమ్మాయి అని రాయొద్దు. బాగా కలిపి 11 చొప్పున రెండు కట్టలు చేసి, సగటుల తేడా కట్టి రాసుకోండి. ఇలా 100 సార్లు చేయండి. ఎటువైపైనా 3 లేదా అంతకంటే ఎక్కువ తేడా ఎన్నిసార్లు వచ్చింది? ఈ అంకెలతో దాదాపు మూడో వంతు సార్లు వస్తుంది. అంటే ఆడామగా ప్రసక్తే లేకుండా కార్డులు కలిపినా ఇలాంటి తేడా తరచుగా పుడుతుంది. 100లో 5 సార్ల కంటే తక్కువ వస్తేనే తేడాను గట్టిగా పట్టించుకోవడం వాడుక. సూత్రం కంటే ముందు ఈ కార్డుల పద్ధతే చేయండి. చేతులతో చేసినప్పుడు భావం మనసులో దిగుతుంది.

పెద్ద తరగతులవాళ్లు టీ-పరీక్ష (సగటుల తేడా కాకతాళీయమా అని సూత్రంతో చూసే పద్ధతి) చేయవచ్చు. క్రమవిచలనాల వర్గాలైన 60ని 11తో, 43.2ను 11తో భాగించి కూడితే 9.38, దాని వర్గమూలం 3.06. తేడా 3ను దీనితో భాగిస్తే 0.98. ఇంత చిన్న నమూనాకు అది సుమారు 2.09 దాటాలి, దాటలేదు. చిన్న నమూనాలకు పనికొచ్చే ఈ పద్ధతిని 1908లో ఇచ్చిన విలియం గాసెట్ గిన్నెస్ బీరు కంపెనీలో ఉద్యోగి. వ్యాసం మీద తన పేరు బదులు "స్టూడెంట్" అని వేసుకున్నాడు.

ఇదే తేడా, ఇదే చెదురుతనం గుంపుకు 44 మందితో వస్తే భాగహారం ఫలితం 2కు దగ్గరవుతుంది. నమూనా నాలుగింతలైతే పొరపాటు అంచు (పైన 3.06గా వచ్చినది) సగమవుతుంది.

7. సెక్షన్లను విడదీసి మళ్లీ చూడండి

కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బర్క్‌లీలో 1973 పీజీ ప్రవేశాల్లో దరఖాస్తు చేసిన పురుషుల్లో 44 శాతానికి, స్త్రీలలో 35 శాతానికి సీట్లు వచ్చాయి. విభాగాలవారీగా చూస్తే స్త్రీల పట్ల వివక్ష కనబడలేదు. సీటు దొరకడం కష్టమైన విభాగాలకు స్త్రీలు ఎక్కువగా దరఖాస్తు చేశారు. మీ దగ్గరా కఠినంగా దిద్దే ఉపాధ్యాయుడి సెక్షన్‌లో అబ్బాయిలు ఎక్కువుంటే ఇదే జరుగుతుంది. ఒక్కో సెక్షన్‌కు విడిగా తేడా కట్టి పట్టికలో పెట్టండి.

8. ముగింపు రాసే తీరు

"అమ్మాయిల సగటు 3 మార్కులు ఎక్కువ. అయితే 11 మంది చొప్పున ఉన్న ఈ నమూనాలో ఇంత తేడా కాకతాళీయంగానూ రావచ్చు. ముగ్గురు అబ్బాయిలు అమ్మాయిల మధ్యగతాన్ని దాటారు, ముగ్గురు అమ్మాయిలు అబ్బాయిల మధ్యగతం కంటే కింద ఉన్నారు." ఇలా రాయండి. "తేడా లేదని రుజువైంది" అనకండి, ఉందని చెప్పడానికి ఆధారం చాల్లేదు, అంతే. ఒకవేళ పెద్ద తేడా వచ్చినా కారణం దానంతట తెలియదు. చదివిన గంటలు, హాజరు, ట్యూషన్ లాంటివి మీరు కొలవలేదు కాబట్టి వాటి మీద తీర్పు రాయొద్దు. చివరి పేజీలో మార్కుల పూర్తి పట్టిక గుర్తులతో జత చేయండి, దిద్దేవాళ్లు మీ లెక్కను మళ్లీ కట్టుకోగలగాలి.