వారంటీలో గ్రాఫిక్స్ కార్డు: పై మోడల్‌కి వెళ్లాలా?

గేమ్ మొదలుపెట్టిన పది నిమిషాలకే నా లాప్‌టాప్ గ్రాఫిక్స్ చిప్ 94 డిగ్రీలు దాటేది. ఫ్యాన్ హోరు, తెర మీద రంగు చారలు. వారంటీ ఇంకా 4 నెలలుంది. నాది ఎంఎక్స్‌ఎం స్లాట్‌లో (లాప్‌టాప్ గ్రాఫిక్స్ కార్డుని ఊడదీసి మార్చుకునే గాడి) కూర్చునే కార్డు కాబట్టి మార్చే వీలుంది. చాలా లాప్‌టాప్‌లలో చిప్‌ని మదర్‌బోర్డుకే సోల్డర్ చేసేస్తారు, అప్పుడు బోర్డంతా మార్చాల్సిందే.

సర్వీస్ సెంటర్‌వాళ్లు అదే కార్డు ఉచితంగా వేస్తామన్నారు, కొంత కడితే పై మోడల్ ఇస్తామన్నారు. మనసు లాగింది, నిజమే. కానీ నా కార్డు 75 వాట్లది, పైది 100 వాట్లది. హీట్‌సింక్ (చిప్ వేడిని లాగి బయటికి పంపే లోహపు భాగం), ఫ్యాన్లు, అడాప్టర్ మాత్రం పాతవే. 75 వాట్ల వేడినే బయటికి నెట్టలేని హీట్‌సింక్ 100ని ఎలా మోస్తుంది?

అందుకే అదే కార్డు తీసుకున్నాను. హీట్‌సింక్ రెక్కల్లో దుమ్ము తీయాలని, కార్డు వేడిని హీట్‌సింక్‌కి చేర్చే థర్మల్ పేస్ట్, ప్యాడ్లు కొత్తవి వేయాలని పట్టుబట్టి జాబ్‌షీట్‌లో రాయించాను. ఇది చాలా ముఖ్యం. కార్డు ఒక్కటే మారిస్తే కొత్తదీ అలాగే కాలుతుంది. నేనే విప్పితే వారంటీ దగ్గర పేచీ వస్తుందని చెయ్యి పెట్టలేదు.

ఇప్పుడు అదే గేమ్, గంటసేపు ఆడినా 78 డిగ్రీలు. చారలు మళ్లీ రాలేదు.