ఇంట్లో ఆఫీసు గదికి లైటింగ్: ముందు కిటికీ, తర్వాత ఫ్యాన్, ఆఖర్న బల్బు

సాయంత్రానికి కళ్ళు మండుతున్నాయి, తల పట్టేస్తోంది అనగానే చాలామంది చేసే పని బల్బు మార్చడం. 9 వాట్లది తీసి 15 వాట్లది పెడతారు. గది తెల్లగా వెలుగుతుంది గానీ కళ్ళ మంట అలాగే ఉంటుంది. చాలా ఇళ్ళలో వెలుతురుకు కొరత లేదు, అది వచ్చే చోటే సరిగా ఉండదు. కిటికీ వీపు వెనక ఉండి స్క్రీన్ మీద మెరుస్తుంటుంది. స్లాబుకు బిగించిన లైటును ఫ్యాన్ రెక్కలు అడ్డుకుంటుంటాయి. కూర్చున్నవాళ్ళ తల నీడ వాళ్ళ కాగితం మీదే పడుతుంటుంది. తిరుపతి, చిత్తూరు ఇళ్ళలో కూర్చుని బెంగళూరు, చెన్నై కంపెనీలకు పనిచేసేవాళ్ళు లైటు కొనే ముందు టేబుల్ ఎక్కడ వేయాలో తేల్చుకోవాలి.

టేబుల్ ఎటు తిప్పాలి

స్క్రీన్ ఎప్పుడూ కిటికీకి అడ్డంగా ఉండాలి, అంటే కిటికీ మీ పక్కన ఉండాలి. ఎదురుగా ఉంటే బయటి వెలుగు కళ్ళల్లో కొడుతుంది. వెనక ఉంటే స్క్రీన్ మీద ప్రతిబింబిస్తుంది, వీడియో కాల్‌లో ముఖం నల్లగా కనిపిస్తుంది. కుడిచేత్తో రాసేవాళ్ళకు వెలుతురు ఎడమ నుంచి రావాలి, లేదంటే చేతి నీడ అక్షరాల మీద పడుతుంది.

మన దగ్గర తూర్పు ముఖంగానో ఉత్తర ముఖంగానో కూర్చోవాలని ఇంట్లో పెద్దవాళ్ళు పట్టుబడతారు. ఈ విషయంలో వాస్తుకూ వెలుతురుకూ గొడవ లేదు. తూర్పు ముఖంగా కూర్చుంటే ఎడమ చేతివైపు ఉత్తరం వస్తుంది. అటు కిటికీ ఉంటే అంతకంటే మంచి చోటు లేదు, రోజంతా ఒకే తీరుగా నెమ్మదైన వెలుగు వస్తుంది. తిరుపతిలో అయితే కొండలు కూడా ఆ వైపే. ఉత్తరం కిటికీకి ఎండే రాదనుకోవద్దు. తిరుపతి 13.6 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది కాబట్టి ఏప్రిల్ చివరి వారం నుంచి ఆగస్టు మధ్య దాకా మధ్యాహ్నపు సూర్యుడు నడినెత్తికి కాస్త ఉత్తరంగా ఉంటాడు. ఆ ఎండను సన్‌షేడ్ ఆపేస్తుంది. అదే నెలల్లో పొద్దున, సాయంత్రం మాత్రం ఏటవాలు ఎండ లోపలికి వస్తుంది. దానికి పలుచటి తెల్ల కర్టెన్ చాలు.

దక్షిణం కిటికీ ఉన్నవాళ్ళకు డిసెంబరు, జనవరి నెలలు ఇబ్బంది. డిసెంబరులో మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు 53 డిగ్రీల ఎత్తుకే వస్తాడు. రెండడుగుల సన్‌షేడ్ ఉన్నా కిటికీలో దాని కింద రెండున్నర అడుగుల వరకే నీడ. నాలుగడుగుల కిటికీ అయితే మిగిలిన కింది భాగంలోంచి ఎండ నేరుగా టేబుల్ మీదకొస్తుంది. కర్టెన్ సగం నుంచి కిందికి వేస్తే పైనుంచి వెలుతురు వస్తుంది, ఎండ ఆగుతుంది. పడమటి కిటికీ పక్కన, వేరే చోటు ఉంటే, టేబుల్ వేయకండి. వెలుతురు సంగతి అలా ఉంచితే మే నెలలో ఆ వేడికి కూర్చోలేరు.

పాత కాలనీల్లో ఇంటికీ ఇంటికీ మధ్య మూడు నాలుగు అడుగుల సందే ఉంటుంది, కిటికీ తీస్తే పక్కింటి గోడ. అలాంటి చోట మీ కాంపౌండ్ గోడ లోపలి వైపుకూ, కిటికీ పక్క గోడల మందానికీ తెల్ల రంగు వేయించండి. నల్ల గ్లాసు తీయించి మామూలు గ్లాసు వేయించండి. కొత్త లైటు కంటే ముందు చేయాల్సినవి ఇవి.

ఫ్యాన్ చేసే చేటు

దీని గురించి ఎవరూ చెప్పరు, అందుకే కాస్త ఎక్కువ రాస్తున్నాం. మన ఊళ్ళలో సీలింగ్ ఫ్యాన్ ఏడాదిలో పది నెలలు తిరుగుతుంది. మామూలు 1200 మిల్లీమీటర్ల ఫ్యాన్‌కు మూడు రెక్కలు. నిమిషానికి 300 చుట్లు తిరిగితే, రెక్కల పైనున్న లైటుకు సెకనుకు 15 సార్లు అడ్డం వస్తుంది. రెగ్యులేటర్ తగ్గించి 200 చుట్లకు తెస్తే సెకనుకు 10 సార్లు. కళ్ళు బాగా పసిగట్టే వేగం సరిగ్గా ఇదే. ఇంకా వేగంగా అయితే కన్ను కలిపేసుకుంటుంది, నిదానంగా అయితే కదిలే నీడలా చూసి వదిలేస్తుంది. ఈ వేగంలో టేబుల్ మీద వెలుగు వణుకుతుంది. కాసేపటికి మనకు అలవాటై గమనించడం మానేస్తాం, తలనొప్పి మాత్రం వస్తుంది.

పరీక్ష సులువు. రాత్రి గదిలో ఆ ఒక్క లైటే వేసి, ఫ్యాన్ నడిపి, టేబుల్ మీద తెల్ల కాగితం పెట్టండి. దాని మీద నీడలు పరిగెడుతుంటే లైటు చోటు తప్పు. ఫాల్స్ సీలింగ్‌లో ఫ్యాన్ చుట్టూ నాలుగు డౌన్‌లైట్లు పెట్టించిన గదుల్లో ఇది తప్పకుండా కనిపిస్తుంది. రెక్కలు దాదాపు ఒక అడుగు కిందే తిరుగుతుంటాయి. అందుకే ఒక పక్క డౌన్‌లైటు వెలుగు గది అవతలి వైపు చేరాలంటే వాటి మధ్యలోంచే పోవాలి.

మందు ఒక్కటే: పనికొచ్చే లైటు రెక్కల కంటే కిందికి ఉండాలి. పదడుగుల స్లాబుకు రెక్కలు ఎనిమిదిన్నర, తొమ్మిది అడుగుల ఎత్తులో ఉంటాయి. ట్యూబ్‌లైటును, అంటే ఇప్పటి ఎల్‌ఈడీ బ్యాటెన్‌ను, గోడకు ఏడున్నర నుంచి ఎనిమిది అడుగుల మధ్య బిగించండి. కిందికొచ్చే వెలుగుకు రెక్కలు అడ్డం రావు. పాత హోల్డరు పైన ఉంటే గోడ పగలగొట్టక్కర్లేదు, కేసింగ్ క్యాపింగ్ (గోడ మీద వైర్లు దాచే ప్లాస్టిక్ పట్టీ) వేసి ఎలక్ట్రీషియన్ కిందికి దించుతాడు. ఏ గోడకు అంటే, టేబుల్‌కు పక్కనున్న గోడకు. వీపు వెనక గోడకు పెడితే మీ నీడ టేబుల్ మీద పడుతుంది, లైటు స్క్రీన్‌లో కనిపిస్తుంది.

ఎంత వెలుతురు కావాలి

ఆఫీసు పనికి భారతీయ ప్రమాణం ఐఎస్ 3646 చెప్పేది 300 నుంచి 750 లక్స్, మధ్యస్థంగా 500. లక్స్ అంటే ఒక చోట పడే వెలుతురు కొలత. గదంతా 500 తెప్పించాలని చూస్తే స్క్రీన్ మీద మెరుపు పెరుగుతుంది, కరెంటు దండగ. గదిలో 150, టేబుల్ మీద రాసే చోట 500 ఉంటే చాలు.

లెక్క ఇలా వేసుకోండి. 10×12 అడుగుల గది అంటే 11 చదరపు మీటర్లు. ల్యూమెన్ అంటే లైటు ఇచ్చే మొత్తం వెలుగు కొలత, చదరపు మీటరుకు ఒక ల్యూమెన్ పడితే ఒక లక్స్. 150 లక్స్‌కు 1650 ల్యూమెన్లు టేబుల్ ఎత్తుకు చేరాలి. లేత రంగు గోడలున్న గదిలో కూడా లైటు ఇచ్చేదాంట్లో సగం కాస్త పైనే అక్కడికి చేరుతుంది కాబట్టి 3000 ల్యూమెన్లు కొనాలి. వాటుకు 100 ల్యూమెన్ల చొప్పున చూస్తే 20 వాట్ల బ్యాటెన్ ఒకటి, 9 లేదా 10 వాట్ల బల్బు ఒకటి. గోడకు ముదురు నీలమో, ఇటుక ఎరుపో వేయించి ఉంటే ఇంకో బల్బు కావాలి. కొనేటప్పుడు వాట్లు చూడొద్దు, పెట్టె మీద ల్యూమెన్లు చూడండి. 10 వాట్ల బల్బుల్లోనే ఒకటి 800, ఇంకొకటి 1000 ఇచ్చేవి ఉంటాయి.

టేబుల్ ల్యాంపుకు 400 నుంచి 500 ల్యూమెన్లు సరిపోతాయి. ఎత్తు ముఖ్యం. 450 ల్యూమెన్ల ల్యాంపు తలను టేబుల్‌కు 45 సెంటీమీటర్ల పైన పెడితే దాని కింద దాదాపు 700 లక్స్, 60 సెంటీమీటర్లకు జరిపితే 400. కూర్చున్నప్పుడు మన కన్ను కూడా టేబుల్‌కు 45 సెంటీమీటర్ల పైనే ఉంటుంది కాబట్టి, ల్యాంపు మూతి అంచు కన్ను కంటే కిందికి ఉండాలి. లోపలి ఎల్‌ఈడీ కంటికి కనబడకూడదు. కుడిచేతి వాటం వాళ్ళు ఎడమ పక్కన, ఎడమచేతి వాటం వాళ్ళు కుడి పక్కన పెట్టుకోవాలి. మెడ వంగని ల్యాంపు ఎంత చవకైనా కొనొద్దు.

అన్నీ పెట్టాక స్క్రీన్ ఆపేసి మీ కుర్చీలో కూర్చుని నల్లటి తెరలోకి చూడండి. అందులో ఏ లైటు కనిపిస్తే దాన్ని జరపాలి. తర్వాత స్క్రీన్ వేసి, పక్కన తెల్ల కాగితం పట్టుకోండి. స్క్రీన్ తెలుపు కాగితం కంటే బాగా మెరుస్తుంటే బ్రైట్‌నెస్ తగ్గించాలి, మసకగా ఉంటే పెంచాలి.

షాపులో అడగాల్సినవి

అడక్కపోతే షాపువాళ్ళు 6500 కెల్విన్ కూల్ డేలైట్ చేతిలో పెడతారు, నీలం ఛాయ తెలుపు. కెల్విన్ అంటే వెలుగు రంగు కొలత, అంకె తగ్గేకొద్దీ పసుపు ఛాయ. పగటి పనికి 4000 కెల్విన్ న్యూట్రల్ వైట్ అడిగి తీసుకోండి. లేదంటే తెప్పించమనండి, ఒక రోజు ఆగినా నష్టం లేదు. అమెరికా షిఫ్టు చేసేవాళ్ళకు రాత్రిపూట 3000 కెల్విన్ వార్మ్ వైట్ మేలు. నీలం ఎక్కువున్న వెలుగు నిద్రను దూరం చేస్తుంది. తొలకరి వానల తర్వాత ఉసుళ్ళు చేరడం కూడా పసుపు లైటు దగ్గర తక్కువ.

సీఆర్‌ఐ, అంటే రంగులను ఆ లైటు ఎంత సహజంగా చూపిస్తుందో చెప్పే అంకె, 80కి తగ్గకూడదు. చీరలు, నగలు ఆన్‌లైన్‌లో అమ్మడానికి ఫోటోలు తీసేవాళ్ళు 90 పైన తీసుకోవాలి. లేకపోతే కొన్నవాళ్ళు రంగు వేరుగా ఉందని తిప్పి పంపుతారు.

మినుకు చూడటానికి షాపులోనే బల్బు వెలిగించి, ఫోన్‌లో స్లో మోషన్ వీడియో 240 ఫ్రేముల్లో తీయండి. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి నాసిరకం బల్బు సెకనుకు 100 సార్లు కొట్టుకుంటుంది, వీడియోలో అది స్పష్టంగా తెలుస్తుంది. వెలుగు నిలకడగా కనిపించేదే తీసుకోండి. పెట్టె మీద బీఐఎస్ (భారతీయ ప్రమాణాల సంస్థ) గుర్తు, దాంతో పాటు ఆర్ అక్షరంతో మొదలయ్యే నంబరు, కరెంటు పొదుపు తెలిపే బీఈఈ స్టార్ లేబుల్ ఉండాలి. వోల్టేజీ ఎగుడుదిగుడుగా ఉండే పల్లెల్లో 100 నుంచి 300 వోల్టుల దాకా తట్టుకునేది, 4 కేవీ సర్జ్ (ఒక్కసారిగా ఎగిసే వోల్టేజీ) రక్షణ ఉన్నది అడగండి. ఉరుముల కాలంలో ముందు కాలిపోయేవి చవక డ్రైవర్లే, అంటే ఎల్‌ఈడీకి కరెంటు సరిచేసి అందించే లోపలి సర్క్యూట్లు.

వీడియో కాల్‌కు రింగ్ లైటు కొనక్కర్లేదు. ఎదురుగా తెల్లగోడ ఉంటే ల్యాంపు మూతి గోడ వైపు తిప్పండి, ముఖం మీద మెత్తటి వెలుగు పడుతుంది. కళ్ళజోడులో మెరుస్తుంటే ల్యాంపును ఇంకాస్త పక్కకు, పైకి జరపాలి.

కరెంటు పోయినప్పుడు ఇన్వర్టర్ లైన్ మీద ఏ లైటు ఉందో ముందే చూసుకోండి. చాలా ఇళ్ళలో ఆ లైన్ హాల్‌కే ఇచ్చి ఉంటుంది. ఇన్వర్టర్ లేకపోతే యూఎస్‌బీతో నడిచే 5 వాట్ల ల్యాంపు కొనండి, 20,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంకు మీద ఎనిమిది గంటలకు తగ్గకుండా వెలుగుతుంది. బ్యాటెన్, బల్బు, ల్యాంపు మూడూ కలిపి 35 వాట్లు. రోజుకు 8 గంటల చొప్పున నెలకు ఎనిమిదిన్నర యూనిట్లు లోపే. అక్టోబరు, నవంబరులో ముసురు పట్టిన రోజున మధ్యాహ్నం మూడింటికి లైట్లన్నీ వేసి ఓ పేజీ చదివి చూడండి. ఆ రోజు చాలిన వెలుతురు ఏడాదంతా చాలుతుంది. చాలకపోతే కొత్తది కొనే ముందు బ్యాటెన్ మీద దుమ్మును స్విచ్ ఆపి పొడి గుడ్డతో తుడవండి.