బెండు మునుగుతుంది, చేప పడదు: గాలం సమస్యలు, పరిష్కారాలు

గోదావరి, కృష్ణా కాలువల గట్ల మీద, ఊరి పక్క ఏటి ఒడ్డున, బెండు కట్టిన గాలంతో బొచ్చె, శీలావతి, ఎర్రమోసు, జెల్ల, పరిగెల కోసం కూర్చునేవాళ్లకి ఇది. గెడకి దారం కట్టడం, ఎర గుచ్చడం, గాలం విసరడం వచ్చనే అనుకుంటున్నాం. కొరమేను సంగతి ఇందులో లేదు. దానికి కప్ప కావాలి, బతికున్న చిన్న చేప కావాలి, ఆ లెక్కే వేరు.

సమస్య ఏదైనా మొదట చేయాల్సింది ఒక్కటే. చేప తప్పిందనుకోగానే దారం దగ్గరికి లాగి గాలాన్ని చేతిలోకి తీసుకుని చూడాలి. ఇది ఎవరూ చేయరు. తప్పిన గాలం నీళ్లలోంచి లేచి, గాల్లో ఒక చుట్టు తిరిగి, అదే ఎరతో మళ్లీ అక్కడే పడుతుంది. ఎందుకు తప్పిందో చెప్పే సాక్ష్యం చేతిదాకా వచ్చి వెనక్కి పోయింది.

చూస్తున్నప్పుడే మొనని బొటనవేలి గోరు మీద ఏటవాలుగా ఆనించి మెల్లగా లాగండి. గోరుకి పట్టి ఆగిపోతే మొన బాగున్నట్టు. జారిపోయి తెల్లటి గీత మిగిలితే మొండిబారినట్టు. గట్టుకి పేర్చిన రాళ్లకి ఒక్కసారి తగిలినా చాలు, మొన రవ్వంత మడుచుకుపోతుంది. కంటికి మాత్రం కొత్తదానిలాగే కనిపిస్తుంది. అరగదీసి బాగు చేయొచ్చు కానీ చిన్న గాలాలకి ఆ శ్రమ దండగ, కొత్తది కట్టుకోండి.

బెండు నిలువునా మునుగుతుంది, ఎత్తితే ఖాళీ

గాలం మీద ఏం మిగిలిందో దాన్నిబట్టి కారణం తేలుతుంది.

ఎర మొత్తం పోయి ఉత్త గాలం వస్తే అది పరిగెల పని. నోట్లో పట్టని ఎరని అవి గుంపుగా చేరి పొడిచి పొడిచి తినేస్తాయి, బెండు మాత్రం పెద్ద చేప లాగినట్టే ఆడుతుంది. గాలం సైజు తగ్గించండి. నంబరు పెరిగేకొద్దీ గాలం చిన్నదవుతుందని గుర్తుంచుకోండి (1/0, 2/0 అని రాసినవాటికి మాత్రం లెక్క తిరగబడుతుంది). పరిగెలకి 14, 16 సరిపోతాయి. అరకిలో నుంచి రెండు కిలోల శీలావతికి 4 నుంచి 6 మధ్యలో చూసుకోండి. పరిగెలు వద్దనుకుంటే ఎర మార్చడం కంటే చోటు మార్చడమే సులువు.

ఎర్ర (వానపాము) సగానికి తెగి వస్తే, వేలాడే తోక పొడుగెక్కువైనట్టు. గాలం వంపు దాటి ఒక సెంటీమీటరు మించి వదలొద్దు.

పిండి ఉండ మాత్రం పెట్టింది పెట్టినట్టే, గుండ్రంగా, మహా అయితే ఒక పక్క నొక్కుకుపోయి తిరిగొస్తే, అసలు దొంగ దొరికినట్టే.

పిండి గాలాన్ని మరీ బాగా పట్టుకోవడం

ఈ తప్పు పట్టుబడకపోవడానికి కారణం, అది చూడ్డానికి మంచి గుణంలా ఉండటమే. విసిరినప్పుడు ఉండ ఊడదు. పరిగెలు పొడిచినా చెక్కుచెదరదు. అరగంట తర్వాత తీసినా అలాగే ఉంటుంది. "ఎర భలే కుదిరింది" అని సంతోషపడతారు. నీళ్ల కింద జరిగేది వేరు. శీలావతి ఉండని నోట్లోకి పీల్చుకుంటుంది, బెండు మునుగుతుంది, మీరు గెడ ఎత్తుతారు. మొన రబ్బరులాంటి పిండి మధ్యలో కూరుకుపోయి ఉంది. అది పెదవిని తాకకుండానే ఉండ మొత్తం చేప నోట్లోంచి జారి బయటికొచ్చేస్తుంది. మొన ఎంత పదునుగా ఉన్నా, గాలం ఎంత ఖరీదైనదైనా పిండిని చీల్చుకుని బయటికి రాకపోతే ఏం లాభం?

పిండి అలా తయారవడానికి దారులు నాలుగు. మొదటిది మైదా. గోధుమలో ఉండే జిగురు పిసికేకొద్దీ సాగుతుంది. చపాతీ ముద్దలా పది నిమిషాలు మర్దించారంటే అది ఎర కాదు, బంక. రెండోది దూది. ఉండ ఊడకుండా పిండిలో దూది పీచు కలిపే అలవాటు చాలామందికి ఉంది. ఆ పీచే మొనకి అడ్డం పడుతుంది. మూడోది పిండిని ఉడకబెట్టడం, లేదా వేడినీళ్లతో కలపడం. మొదట మెత్తగానే ఉంటుంది, చల్లారాక బిగుసుకుంటుంది. నాలుగోది ఎండ. పొద్దున ఆరింటికి బ్రహ్మాండంగా ఉన్న ముద్ద, మూత లేని డబ్బాలో పెడితే తొమ్మిదింటికల్లా పైన చెక్కు కడుతుంది. ఉదయం రెండు చేపలు పడి ఆ తర్వాత అన్నీ తప్పిపోతుంటే "ఎండెక్కింది, చేప అడుక్కి పోయింది" అంటారు. చేప అక్కడే ఉంది, బెండు మునుగుతూనే ఉంది కదా! ఎండెక్కింది పిండికి.

తేల్చుకోవడానికి గ్లాసు పరీక్ష చేయండి. గాజు గ్లాసులోనో, పైభాగం కోసేసిన నీళ్ల సీసాలోనో కాలువ నీళ్లే పట్టండి. మీరు వాడే గాలానికి మీరు పెట్టే సైజు ఉండనే పెట్టి, అడుక్కి తగలకుండా దారంతో వేలాడదీయండి. 3 నిమిషాల్లోపే విడిపోయి అడుక్కి చేరితే పిండి మరీ మెత్తన. పదో నిమిషానికి పైపొర పొగలా విడిపోతూ, దారాన్ని చిన్నగా కుదిపితే మొన బయటపడిందంటే సరిగ్గా కుదిరినట్టు. పావుగంట తర్వాత గట్టిగా గుంజినా ఉండతో సహా గ్లాసులోంచి పైకి వచ్చేస్తే, ఆ ముద్దని చేపలకి మేతగా విసిరేసి వేరేది కలపండి.

కొలత ఇది: గోధుమపిండి ఒక వంతు, పొడి చేసిన వేరుశనగ చెక్క ఒక వంతు, తవుడు ఒక వంతు. తవుడు, చెక్క గోధుమ జిగురుని తెంపుతాయి, నీళ్లలో వాసన వదుల్తాయి. పొడులన్నీ ముందే కలిపేసి, చన్నీళ్లు కొద్దికొద్దిగా చల్లుతూ ముద్ద చేయండి. ముద్ద అయ్యాక పిసకడం ఆపేయండి. తడిగుడ్డలో చుట్టి 20 నిమిషాలు వదిలేస్తే తవుడు నీళ్లు పీల్చుకుని సర్దుకుంటుంది. గట్టు మీద కూడా ఆ గుడ్డ తడి ఆరకూడదు.

అప్పటికే గట్టిపడిన ముద్దకి నీళ్లు కొట్టి లాభం లేదు. పైన జారుడుగా అవుతుంది, లోపల రబ్బరు రబ్బరే. గుప్పెడు తవుడు చల్లి, చిన్న ముక్కలుగా తుంచుతూ కలిపితే కొంత దారికొస్తుంది.

ఉండ సైజు కూడా తగ్గించండి. 6వ నంబరు గాలానికి శనగగింజ కంటే కాస్త పెద్దది చాలు. నిమ్మకాయంత ఉండ పెట్టి పెద్ద చేప కోసమనుకుంటే మొన ఇంకా లోతుకి పోతుంది. పిండిని గాలం వంపు చుట్టూ నొక్కి, మొన పైపొరకి ఆనీ ఆననట్టు ఉండేలా చూడండి. ప్రవాహం జోరుగా ఉంటే పిండి గట్టి చేయకండి, ఉండ చిన్నది చేసి తరచుగా మార్చండి.

బొచ్చె కోసం ముద్ద చుట్టూ నాలుగైదు గాలాలు గుచ్చే పద్ధతిలో ఈ తప్పు ఇంకా ఘోరం. బొచ్చె ముద్దని కొరకదు, కరిగి విడిపోయిన పిండిని నీళ్లతో సహా పీల్చుకుంటుంది. గాలాలు ఆ పిండి పొగలో వదులుగా తేలాడుతుంటేనే నోట్లోకి పోతాయి. ముద్ద కరగకపోతే గాలాలు దానికే అంటుకుని ఉంటాయి, రోజంతా కూర్చున్నా ఇటుక ముక్క వేసి కూర్చున్నట్టే.

బెండు వణుకుతుంది, లేదా పైకి లేచి అడ్డంగా పడుకుంటుంది

పడుకోవడం కూడా చేప పనే. అది మునిగేదాకా ఆగితే చేప ఎర ఉమ్మేసి పోతుంది. ఎర్రమోసు నోరు కిందికి తిరిగి ఉంటుంది, తల వంచి నేల మీద ఎర తీసుకుని మళ్లీ లేస్తుంది. దాంతోపాటు సీసం గుండు లేచి, బరువు తగ్గిన బెండు పైకి తేలి పడుకుంటుంది. వెంటనే ఎత్తండి. మణికట్టుతో గెడ కొనని మూరెడు లేపితే చాలు, భుజం దాకా గుంజక్కర్లేదు.

ఉత్త వణుకే ఉండి ముందుకి సాగకపోతే బెండుకి సీసం చాలనట్టు. సగం బెండు నీళ్ల పైన నిలబడి ఉంటే దాన్ని ముంచడానికి చేప బలం పెట్టాలి, ఆ బరువు తగలగానే వదిలేస్తుంది. ఇంట్లో బకెట్టు నీళ్లలో గాలం, సీసం, ఎరతో సహా వదిలి, బెండు కొన ఒక సెంటీమీటరు మాత్రమే పైకి కనబడేదాకా చిన్న గుండ్లు కలుపుకుంటూ పోండి. నిలకడ నీళ్లలో చివరి గుండు గాలానికి జానెడు పైన ఉంటే సరిపోతుంది.

గంటలు గడిచినా బెండు కదలదు

లోతు కొలిచారా? కొలవకుండా "ఇక్కడ చేప లేదు" అనకండి. గాలానికి బరువైన సీసం ముక్క తగిలించి మీరు వేసే చోటే వేయండి. బెండు మునిగిపోతే దారం తక్కువైంది, బెండుని పైకి జరపండి. పడుకుంటే ఎక్కువైంది, కిందికి జరపండి. కొన మాత్రమే కనబడితే అదే అక్కడి లోతు. ఎర్రమోసుకి ఎర నేలకి ఆనాలి. శీలావతికి నడినీళ్ల నుంచి అడుగుదాకా చూడొచ్చు. బొచ్చె నోరు పైకి తిరిగి ఉంటుంది కాబట్టి దాన్ని పైనీళ్లలో వెతకండి.

లాకుల దగ్గర, బ్యారేజీ దిగువన నీటి మట్టం పూట పూటకీ మారుతుంది. ఒడ్డున పుల్ల గుచ్చి నీటి అంచు దగ్గర గుర్తు పెట్టుకోండి. గుర్తు మునిగినా తేలినా లోతు మళ్లీ కొలవాలి. మట్టం గబగబా పెరుగుతుంటే కొలవడం కాదు, సామాను తీసుకుని గట్టెక్కండి.

ఎర్రనీళ్లు వచ్చినప్పుడు పిండి పక్కన పెట్టి ఎర్రలు గుచ్చండి. బురద నీళ్లలో చేప కంటితో కాదు, వాసనతో వెతుక్కుంటుంది. జెల్లలకి ఆ నీళ్లే పండగ.

పడిన చేప దారం తెంపుకుపోతుంది

తెగిన కొసని చూడండి. పంది తోకలా మెలి తిరిగి ఉంటే తెగలేదు, ముడి జారింది. అయిదారు చుట్లు వేసి, ఉమ్మితో తడిపి, నెమ్మదిగా బిగించండి. పొడిగా బిగిస్తే నైలాన్ రాపిడికి వేడెక్కి ముడి దగ్గరే బలం పోతుంది. కొస గరుకుగా, పీచులా ఉంటే రాయో, గెడ కొన రింగో కోసినట్టు. రింగులోపల కొంచెం దూది తిప్పండి, ఎక్కడ పట్టుకుంటే అక్కడ పగిలింది. దారం సాఫీగా తెగినా, తెల్లబారి పెళుసుగా అనిపిస్తే ఎండ తిన్నట్టు, మొత్తం మార్చేయండి. రెండు కిలోల దాకా చేపలకి 0.25 మి.మీ., గుర్రపుడెక్క ఉన్న చోట 0.30. అంతకంటే లావు దారంతో బెండు సరిగ్గా నిలబడదు.

రీలు వాడేవాళ్లు బ్రేకు పూర్తిగా బిగించి పెట్టుకుని దారాన్ని తిట్టడం మామూలే. చేత్తో గట్టిగా లాగితే దారం వదలాలి.

ఇంకా మిగిలినవి

అమావాస్య, దారం రంగు, బెండు రంగు గురించి ఆలోచించకండి. పెట్రోలు అంటిన చేత్తో పిండి కలపడం అరుదు, కానీ ఉంది. సబ్బు వద్దు, ఒడ్డు మట్టితో రుద్ది కడగండి. చెరువులో మబ్బు పట్టిన తెల్లవారుజామున చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తుంటే నీళ్లలో ప్రాణవాయువు చాలక, అప్పుడు ఏ ఎరా ముట్టవు. కాలువలో ఇది దాదాపు కనబడదు.

జెల్ల గాలం మింగేస్తే వేళ్లు పెట్టకండి. వీపు మీదా, రెండు పక్కలా ఉండే ముళ్లు దిగితే సాయంత్రం దాకా సలుపుతుంది. గుడ్డతో తల వెనక అదిమి పట్టి, గాలం పైకి కనబడితే శ్రావణంతో తీయండి. లోపలికి పోయుంటే, వదిలేసే చేపైతే దారాన్ని నోటి దగ్గరే కత్తిరించి నీళ్లలో వదలండి.