స్క్రీన్ ప్రింటింగ్ 5వ పాఠం: పాజిటివ్‌కు ఏ ఇంకు?

పోయిన పాఠంలో ఎక్స్‌పోజింగ్ దగ్గర, అంటే పాజిటివ్‌ను (డిజైన్‌ను నలుపులో వేసిన ఫిల్మ్‌ను) స్క్రీన్‌కు ఆనించి కాంతి పెట్టే దగ్గర, చాలామంది ఒకే చోట ఆగిపోయారు. నీళ్లు కొడితే పెద్ద అక్షరాలు తెరుచుకున్నాయి, ఫోన్ నంబరూ సన్నగీతలూ మూసుకుపోయాయి. టైము తగ్గించి మళ్లీ చేస్తే గీతలు తెరుచుకున్నాయి గానీ చుట్టూ ఉన్న ఎమల్షన్ (స్క్రీన్ మీది పూత, కాంతి తగిలిన చోట గట్టిపడుతుంది, తగలని చోట నీటికి ఊడి తెరుచుకుంటుంది) మెత్తబడి జారిపోయింది. దాంతో కొందరు ఎమల్షన్ బ్రాండే మార్చేశారు. దయచేసి ఇప్పుడే దాని జోలికి వెళ్లకండి. ముందు ఫిల్మ్ మీద పడిన నలుపు సంగతి తేల్చుకోవాలి. అందుకే ఈసారి చెప్పాల్సిన మెష్ (స్క్రీన్ గుడ్డ) ఎంపికను పక్కన పెట్టాను.

"ట్యూబ్‌లైట్‌కు పట్టి చూశానండీ, చిమ్మచీకటిలా ఉంది" అని అందరూ అంటారు. ఆ పరీక్ష మానేయండి. ఎమల్షన్‌ను గట్టిపరిచేది ముఖ్యంగా 350 నుంచి 420 నానోమీటర్ల మధ్య ఉండే కాంతి. మన కంటికి ఇంచుమించు 400 దగ్గర గానీ చూపు మొదలవదు. కన్ను చూడలేని కాంతిని ఇంకు ఆపిందో లేదో కన్ను ఎలా చెబుతుంది? రూబీలిత్ అనే ఎర్ర మాస్కింగ్ ఫిల్మ్ ఉంది. కంప్యూటర్లు రాకముందు దాన్ని బ్లేడుతో కోసి పాజిటివ్‌లు చేసేవారు. దాని వెనక వేలు పెడితే వేలు స్పష్టంగా కనిపిస్తుంది. అయినా స్క్రీన్‌కు అది నలుపుతో సమానం, ఎందుకంటే నీలం కాంతినీ యూవీనీ (కంటికి కనిపించని అతినీలలోహిత కాంతినీ) అది దాటనివ్వదు. మామూలు రీఫిల్ నల్ల ఇంకులు కొన్ని దీనికి సరిగ్గా తలకిందులు. చూడటానికి కటిక నలుపు, యూవీ మాత్రం వాటిలోంచి దూరిపోతుంది.

ఎంత దూరితే నష్టమో లెక్క వేద్దాం. నలుపును డెన్సిటీతో కొలుస్తారు. డెన్సిటీ 1 అయితే పదో వంతు కాంతి దాటుతుంది, 2 అయితే వందో వంతు, 3 అయితే వెయ్యో వంతు. మీ ఎక్స్‌పోజింగ్ 300 సెకన్లు అనుకోండి. యూవీకి డెన్సిటీ 1 ఉన్న నలుపు కింద ఎమల్షన్‌కు 30 సెకన్ల కాంతి తగిలినట్టే. 2 అయితే 3 సెకన్లు, 3 అయితే 0.3 సెకను. ముప్పై సెకన్ల కాంతి తాగిన ఎమల్షన్ పెద్ద అక్షరంలోంచి నీటి ధాటికి ఎలాగో ఊడి వస్తుంది, సన్నగీతలోంచి రాదు. మీ ఫోన్ నంబరు మూసుకుపోయింది అక్కడే.

ఇక ఇంకు. డై ఇంకులో రంగు పూర్తిగా కరిగి ఉంటుంది, పిగ్మెంట్‌లో సన్న రేణువులుగా తేలుతుంటుంది. డై ఫిల్మ్ పూతలోకి ఇంకిపోతుంది, పిగ్మెంట్ పైన నిలబడుతుంది. పిగ్మెంట్ నలుపు యూవీని ఆపగలదు గానీ, పూతతో పొసగకపోతే ఆరదు, వేలు తగిలినా చెరుగుతుంది. నా ఓటు డైకే, అందులోనూ పాజిటివ్‌ల కోసమే తయారుచేసిన, యూవీ ఆపే నల్ల డైకి. ఎప్సన్ ఎల్1800 లాంటి ఆరు రంగుల ప్రింటరు ఉంటే అన్ని ట్యాంకుల్లోనూ ఆ నలుపే పోసి, ఏ ట్యాంకు నుంచి ఎంత ఇంకు పడాలో చెప్పే రిప్ సాఫ్ట్‌వేర్‌తో నడపొచ్చు. అంత ఖర్చు వద్దనుకుంటే రంగు ఇంకుల్ని అలాగే ఉంచి, గ్రేస్కేల్ ఆపేసి, మీడియా టైప్‌లో ఫొటో పేపర్ పెట్టి, క్వాలిటీ హైలో వేయండి. నలుపుతో పాటు పసుపూ పడితే నీలం వైపు కాంతిని అది కొంత మింగుతుంది. రెండు నలుపులున్న కెనాన్ ప్రింటర్లలో పెద్ద కార్ట్రిడ్జ్ పిగ్మెంట్. ప్లెయిన్ పేపర్ పెడితే పడేది అదే, కాబట్టి అక్కడా ఫొటో పేపరే పెట్టండి. కోరల్‌డ్రాలో కె 100 (సీఎంవైకే పద్ధతిలో నలుపు ఒక్కటే నూరు శాతం) బదులు ఆర్‌జీబీ 0, 0, 0 ఇవ్వండి. కె 100ను డ్రైవరు ముదురు బూడిదగా తీసుకుని చుక్కలుగా వేస్తే ఎంత మంచి ఇంకు పోసినా లాభం ఉండదు.

బటర్ పేపర్ మీద లేజర్ ప్రింటు తీసేవాళ్లు టోనర్‌లో సూదిబెజ్జాలు చూసుకోండి. రెండు ప్రింట్లు ఒకదానిమీద ఒకటి కలిపి అంటిస్తే ఒక రంగు పెళ్లికార్డుకు చాలు. నాలుగు రంగుల పనికి వద్దు, వేడికి కాగితం ముడుచుకుని రిజిస్టర్ కలవదు, అంటే రంగులు ఒకదానిమీద ఒకటి సరిగ్గా కూర్చోవు.

అభ్యాసం. ఫిల్మ్ మీద రెండు సెంటీమీటర్ల నల్ల గడులు మూడు, వాటి పక్కనే అర మిల్లీమీటరు గీతలు మూడు వేయండి. ఒక్కో జతకు ఒక్కో ఇంకు లేదా ఒక్కో సెట్టింగు ఉండాలి. ఎక్స్‌పోజింగ్ గాజు మీద ఆ ఫిల్మ్ పక్కన ఒక రూపాయి బిళ్ల పెట్టండి, కాంతి దానిలోంచి బొత్తిగా దాటదు. పూర్తి టైము ఇచ్చి కడగండి. బిళ్ల చోటు తెరుచుకుని గడి తెరుచుకోకపోతే తప్పు ఆ ఇంకుది లేదా ఆ సెట్టింగుది. బిళ్ల చోటు కూడా తెరుచుకోకపోతే ఎమల్షన్ ముందే వెలుతురో వేడో తిన్నది, ఆరబెట్టే గదిని సరిచేసుకోవాలి. తెరుచుకున్న ఇంకుతో అదే ఫిల్మ్‌ను టైము ఒకటిన్నర రెట్లకు పెంచి ఒకసారి, రెట్టింపు చేసి ఒకసారి కొత్త స్క్రీన్ల మీద వేయండి. రెట్టింపు టైముకు కూడా అర మిల్లీమీటరు గీత తెరుచుకున్న ఇంకునే వచ్చే పాఠానికి వాడండి.