చమత్కారంగా జవాబివ్వడం – 4వ పాఠం: ఆ మాట ముందు ఎవరన్నారు?

జవాబు ఎంత పొట్టిగా ఉంటే అంత బాగా పేలుతుందని పోయిన పాఠంలో చూశాం. ఈసారి అందరి నోళ్లలో నానిన మాటల్ని వాడటం. వాడేముందు ఒక్కటి చూసుకోండి: ఆ మాట మొదట ఎవరన్నారు, ఎలాంటి సందర్భంలో అన్నారు?

"తాంబూలాలిచ్చేశాను, తన్నుకు చావండి" తీసుకోండి. గురజాడ 'కన్యాశుల్కం'లో అగ్నిహోత్రావధాన్లు మాట ఇది. డబ్బు కోసం తన కూతురు, చిన్నపిల్ల సుబ్బిని ముసలి లుబ్ధావధాన్లుకి కట్టబెట్టాలని చూస్తాడు. భార్య వద్దంటుంది, బావమరిది కరటకశాస్త్రి వద్దంటాడు. తాంబూలాలు అయ్యాయంటే సంబంధం ఖాయమైనట్టే, ఇక ఎవరు ఏడ్చినా లాభం లేదని ఆయన ధీమా. అంటే ఇది ఎవర్నీ అడక్కుండా నిర్ణయం తీసేసుకున్న మొండివాడి మాట. మేనేజర్ టీమ్‌ని అడక్కుండానే క్లయింట్‌కి డేట్ చెప్పేసి వచ్చాడనుకోండి. "తాంబూలాలిచ్చేసి వచ్చారన్నమాట!" అంటే చాలు, రెండో సగం వినేవాళ్లే పూర్తి చేసుకుంటారు. ఆ సగాన్ని మింగెయ్యడంలోనే ఉంది మజా అంతా. (ఆయన మూడ్ చూసుకుని అనండి. ఉద్యోగం కాపాడుకోవడం ఈ పాఠంలో లేదు.)

"డామిట్! కథ అడ్డంగా తిరిగింది" అదే నాటకంలో చివరి మాట. అనేది గిరీశం. అగ్నిహోత్రావధాన్లు పెద్దకూతురు, వితంతువు బుచ్చమ్మను పెళ్లాడాలని అతను వేసిన ఎత్తు పారదు, ఆమెను పూనాలోని వితంతు శరణాలయానికి పంపే ఏర్పాటు జరుగుతుంది. కాబట్టి ఇది ఎత్తులు వేసేవాడి నోటికే నప్పుతుంది. వాన పడి మ్యాచ్ ఆగిపోతే ఈ మాట చప్పగా ఉంటుంది. ఒంట్లో బాలేదని సెలవు పెట్టి మ్యాచ్‌కెళ్లినవాడు టీవీలో కనిపిస్తే మాత్రం అతికినట్టుంటుంది.

కొన్ని మాటలు కాలంతో పాటు రుచి మార్చుకుంటాయి. 'మాయాబజార్' (1957)లో పింగళి నాగేంద్రరావు రాసిన వీరతాడు నిజమైన మెచ్చుకోలే. ఇప్పుడు "వెయ్యండి వీరతాడు" అంటే సగం మెప్పు, సగం దెప్పు. ఎటు తూగుతుందో మీ గొంతే చెప్పాలి.

అభ్యాసం: "నరుడా, ఏమి నీ కోరిక?" 'పాతాళభైరవి' (1951)లో అడిగిన వరమిచ్చే దేవత మాట. చేతిలో ఏ అధికారమూ లేని మనిషి దీన్ని అంటే ఎక్కడ పేలుతుంది? రెండు సందర్భాలు రాయండి. మూడోది పేలనిది రాసి, ఎందుకు పేలలేదో ఒక్క వాక్యంలో చెప్పండి.