టిగ్ వెల్డింగ్ – 4వ పాఠం: ఆర్గాన్‌ను అదుపులో ఉంచడం

టిగ్ వెల్డింగ్‌లో ఆర్క్‌ను, అంటే లోహాన్ని కరిగించే విద్యుత్ మెరుపును, పుట్టించే కడ్డీ టంగ్‌స్టన్ ఎలక్ట్రోడ్; దాని మొనను సానపట్టడం గత పాఠంలో నేర్చుకున్నాం. ఆ మొనకూ, దాని కింద కరిగే లోహానికీ గాలి సోకకుండా కాపాడేది ఆర్గాన్.

పరమాణు సంఖ్య 18 గల ఈ జడవాయువు బాహ్య కక్ష్యలో 8 ఎలక్ట్రాన్లు నిండుగా ఉంటాయి కనుక, ఆర్క్ వేడిలో సైతం అది కరిగిన ఉక్కుతో గానీ, అల్యూమినియంతో గానీ సంయోగం చెందదు. గాలి ఘనపరిమాణంలో ఇది 0.93 శాతం ఉన్నప్పటికీ, 1894 వరకు దీని ఉనికిని ఎవరూ నిర్ధారించలేదు. గాలి నుంచి తీసిన నైట్రోజన్, రసాయనాల నుంచి తయారైన నైట్రోజన్ కంటే దాదాపు అర శాతం బరువుగా తూగడం గమనించిన శాస్త్రవేత్త రేలీ, మరో శాస్త్రవేత్త రామ్సేతో కలిసి దీనిని వెలికితీశారు. అంత చిన్న తేడాను కొట్టిపారేయని ఆ ఓపికే వెల్డరుకూ కావాలి.

కొత్తగా నేర్చుకునేవారు గ్యాస్ ఎంత ఎక్కువ వదిలితే అంత రక్షణ అనుకుంటారు. అది నిజం కాదు. టార్చి (ఎలక్ట్రోడ్‌ను పట్టుకునే చేతి పరికరం) చివర గ్యాస్ బయటకు వచ్చే మూతిని కప్పు అంటారు; సాధారణ కప్పుకు నిమిషానికి 7 నుంచి 10 లీటర్లు సరిపోతుంది. అంతకు బాగా మించితే ప్రవాహం సుడులు తిరిగి చుట్టుపక్కల గాలిని తనలోకి లాగుతుంది, అప్పుడు అతుకులో సూదిమొనంత రంధ్రాలు పడతాయి.

ఒక పాత స్టెయిన్‌లెస్ స్టీలు ముక్కపై, ఫిల్లర్ రాడ్ (అతుకులో కరిగించి కలిపే లోహపు కడ్డీ) లేకుండా, గ్యాస్ ప్రవాహాన్ని కొలిచే ఫ్లోమీటరును 8 లీటర్ల వద్ద ఉంచి చిన్న గీత కరిగించండి. ఆర్క్ ఆపాక టార్చిని వెంటనే ఎత్తకుండా, వాడిన కరెంటులో ప్రతి 10 ఆంపియర్లకు సుమారు ఒక సెకను చొప్పున, గ్యాస్ ఇంకా వస్తుండగా అక్కడే నిలపండి. గీత లేత బంగారు రంగులో, టంగ్‌స్టన్ మొన వెండిలా మెరుస్తూ ఉంటే రక్షణ అందినట్టే. గీత బూడిద రంగులోకి తిరిగితే గాలి తగిలిందని, మొన నీలంగా మారితే టార్చిని తొందరపడి ఎత్తారని గ్రహించండి. తర్వాత ప్రవాహాన్ని 20 లీటర్లకు పెంచి మరో గీత వేసి, రెండింటినీ పక్కపక్కన పోల్చండి.

ఒక హెచ్చరికను మాత్రం మరువవద్దు. గాలి కంటే సుమారు 1.4 రెట్లు బరువైన ఆర్గాన్ గోతుల్లోనూ, ట్యాంకుల అడుగునా పేరుకుని ఆక్సిజన్‌ను నెట్టివేస్తుంది. రంగూ వాసనా లేనందున మనిషి స్పృహ తప్పేవరకు ప్రమాదం తెలియదు. అటువంటి చోట గాలి ఆడే ఏర్పాటు, ఆక్సిజన్ కొలిచే పరికరం, బయట కాపలాగా మరొకరు లేనిదే లోపలికి దిగకండి.

గీతలు వేసిన ముక్కను దాచి ఉంచండి; వచ్చే పాఠంలో ఫిల్లర్ రాడ్ అందించడాన్ని దాని మీదే సాధన చేద్దాం.